మిల్లు వ్యాపారం వదిలి మూగజీవాల పనిలోకి: నల్గొండలో ఎక్కడ మొదలుపెట్టాలి?

మూసీ ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్తే. రైస్ మిల్లు తమ్ముడికి అప్పజెప్పి ఇక మీదట పూర్తిగా జంతు సంక్షేమం చూసుకోవాలని ఉంది. చేతిలో ఉన్నవి ఇవి: నల్గొండ నుంచి మునుగోడు పోయే దారిలో రెండున్నర ఎకరాల పట్టా భూమి, అందులో ఒక బోరు, సంస్థ కోసం పక్కన పెట్టిన 60 లక్షలు, ఒక పాత డీసీఎం వ్యాను. వీధికుక్కలకు వంద కుక్కలు పట్టే షెల్టర్, రోడ్ల మీద తిరిగే ముసలి ఆవులకు, కోడెలకు గోశాల రెండూ ఒకేసారి కట్టాలన్నది ఆలోచన. ఏది ముందు, ఏది తర్వాత? ఎంత మంది కావాలి? ట్రస్టా, సొసైటీయా, కంపెనీయా? ఈ పని తెలిసినవాళ్ళు లెక్కలతో సహా చెప్పగలరు.

పాలమూరు మిత్ర:

అన్నా, షెల్టర్‌తో మొదలుపెట్టకండి. వీధికుక్కల విషయంలో ముందు కావలసింది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు, రేబిస్ టీకాలు, దెబ్బతగిలినవాటికి వైద్యం. షెల్టర్ ఆఖర్న, అదీ చిన్నగా.

కారణం లెక్కలోనే ఉంది. లోపలికి వచ్చిన కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. బయటికి పోయే దారి లేకపోతే వంద గదులు కొద్ది నెలల్లో నిండుతాయి. షెల్టర్ ఉందని ఊళ్ళో తెలిసిన మరునాటి నుంచి గేటుకు కుక్కల్ని కట్టేసి పోతారు, అట్టపెట్టెల్లో పిల్లల్ని పెట్టి పోతారు. గది లేక రెండేసి, మూడేసి కలిపి ఉంచితే కొట్లాటలు, ఒక పిల్లకు పార్వో (వైరస్ వల్ల వచ్చే రక్తవిరేచనాల రోగం) వస్తే వరుసగా అన్నిటికీ. ఇటు మీరు వంద కుక్కల్ని ఎత్తుకొచ్చిన వీధిలో చెత్తకుండీ, చికెన్ సెంటర్ అట్లనే ఉంటాయి కాబట్టి పక్క వీధి కుక్కలు ఆ చోటికి వస్తాయి. వాటికి ఆపరేషన్ అయి ఉండదు, టీకా ఉండదు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ళలో మీకు బాగా పనికొచ్చే మనిషి మద్రాసుకు చెందిన చిన్ని కృష్ణ. ఇంజినీరు, సొంత కంపెనీ నడిపిన పారిశ్రామికవేత్త. 1959లో ఆయన తండ్రి కెప్టెన్ వి. సుందరం బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అనే జంతు సంక్షేమ సంస్థను మొదలుపెట్టారు. అప్పుడు మద్రాసు కార్పొరేషన్ కుక్కల్ని పట్టి చంపేది, అయినా వాటి సంఖ్య తగ్గలేదు. 1964లో బ్లూ క్రాస్ కుక్కలకు ఆపరేషన్ చేసి ఎక్కడివి అక్కడ వదలడం మొదలుపెట్టింది. కార్పొరేషన్ ఆ పద్ధతికి ఒప్పుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది, 2001లో అది దేశమంతటికీ కేంద్ర నిబంధన అయింది. చిన్ని కృష్ణ వ్యాపారం నడుపుతూనే ఈ పని చేశారని గమనించండి. మిల్లులో మీ వాటా పూర్తిగా వదులుకోవద్దు. నెలనెలా వచ్చే కొంత ఆదాయం సంస్థకు విరాళాల కంటే గట్టి ఆసరా.

ఇప్పుడు అమల్లో ఉన్నవి 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు. భారత జంతు సంక్షేమ బోర్డు నుంచి ప్రాజెక్టు గుర్తింపు పత్రం లేకుండా ఎవరూ ఆపరేషన్ల కేంద్రం నడపకూడదు, మున్సిపాలిటీ కూడా అట్లాంటి సంస్థకు పని అప్పజెప్పకూడదు. కాబట్టి గోడలు లేపక ముందే బోర్డు అడిగే నమూనా చూసి ప్లాను గీయించండి. కట్టిన తర్వాత పత్రం కోసం పోతే, ఆపరేషన్ గదికి ముందు తయారీ గది లేదని, రోగం ఉన్నవాటికి వేరే గది లేదని గోడలు పగలగొట్టాల్సి వస్తుంది.

ఎన్ని గదులు? కుక్క ముందు రోజు వస్తుంది, మర్నాడు ఆపరేషన్, ఆ తర్వాత కనీసం నాలుగు రోజులు. అంటే ఒక్కో కుక్క ఆరు రోజులు ఉంటుంది. రోజుకు ఐదు ఆపరేషన్లంటే ముప్పై విడి గదులు, పదికి అరవై. మీ డబ్బుకు ఐదుతో మొదలుపెట్టడం సరైనది. నెలకు 25 పనిదినాలు వేసుకుంటే 125 కుక్కలు.

ఆ 125ను ఊరంతా చల్లితే లాభం లేదు. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, చూలు దాదాపు 63 రోజులు. ఒక ప్రాంతంలో వాటి ఆరు నెలల తిరుగుడు పూర్తికాక ముందే నూటికి డెబ్బై కుక్కలకు ఆపరేషన్ అయిపోవాలి. లేదంటే మిగిలినవి ఈనిన పిల్లలు లెక్కను మళ్ళీ మొదటికి తెస్తాయి. మూడొందల కుక్కలున్న నాలుగైదు వార్డులు తీసుకోండి, 210 పూర్తయ్యే దాకా అక్కడి నుంచి కదలకండి. పట్టే ముందు లెక్క పెట్టాలి. తెల్లవారి ఐదున్నర నుంచి ఏడు లోపు, వరుసగా రెండు రోజులు, ఒకే దారిలో, ఆడ, మగ, పాలిచ్చే తల్లి, చెవికి గాటు ఉన్నది (అంటే ఆపరేషన్ అయిపోయినది) అని విడివిడిగా రాసుకోవాలి.

పట్టడానికి ఒక డ్రైవరు, వల పట్టే ఇద్దరు, రాసేవాడు ఒకడు చాలు. వలతోనో చేతితోనో మాత్రమే. ఇనుప చిమ్టాలు, మెడకు వైర్లు వద్దు. పట్టిన చోటే ఫోన్‌లో లొకేషన్‌తో ఫోటో తీసి, మెడకు నంబరు బిళ్ళ కట్టాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. నంబరు కలిసిపోయి ప్రకాశం బజారు కుక్కను రామగిరిలో వదిలితే అక్కడి కుక్కలు దాన్ని చీలుస్తాయి, జనానికీ మీ మీద నమ్మకం పోతుంది.

ఒక మినహాయింపు ఉంది. 2025 నవంబర్ 7 సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడే వదలకూడదు, షెల్టర్‌కు పంపాలి. మిగతా వీధులకు 2025 ఆగస్టు 22 ఆదేశం వర్తిస్తుంది: ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలి, రేబిస్ అనుమానం ఉన్నవి, మరీ దూకుడుగా మీదపడేవి తప్ప. మీరు కట్టబోయే చిన్న షెల్టర్ వీటి కోసమే అనుకోండి. ఎన్నిటిని తీసుకుంటారో మున్సిపాలిటీతో ఒప్పందంలో అంకె వేసి రాయించుకోండి, అంకె లేని ఒప్పందం మీద సంతకం చేయకండి.

ఊళ్ళ సంగతి కూడా తలలో పెట్టుకోండి. 2024 ఫిబ్రవరిలో మన మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కల్ని కాల్చి చంపారు. జంతువును చంపడం, అంగవైకల్యం చేయడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడే నేరం. కేసు ఒక వైపు, కానీ సర్పంచి దగ్గరికి ముందే పోయి "మీ ఊళ్ళో ఇన్ని కుక్కలున్నయి, ఫలానా నెలలోపు పూర్తి చేస్తం" అని కాగితం చూపిస్తే అక్కడిదాకా రాదు.

పశువైద్యం, మహబూబ్‌నగర్:

పై లెక్క సరైనదే. ఆపరేషన్ల దగ్గర ఏది చెడుతుందో చెబుతాను.

ఆరు నెలల లోపు పిల్లల్ని, పాలు మరవని పిల్లలున్న తల్లిని పట్టకండి. ముందు రోజు రాత్రి నుంచి మేత లేకుండా ఉంచాలి, నీళ్ళు ఆపరేషన్‌కు రెండు మూడు గంటల ముందు తీసేయాలి. పొద్దున బరువు, జ్వరం, చిగుళ్ళ రంగు చూడాలి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే రక్తహీనత చాలా ఎక్కువ. చిగుళ్ళు పాలిపోయి ఉంటే ఆ రోజు కత్తి పెట్టకూడదు. దానికి రక్తం గడ్డకట్టే గుణం తగ్గి ఉంటుంది, కుట్టు బాగానే వేసినా లోపల కారుతూనే ఉంటుంది.

మత్తుకు వాడే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలోది. తాళం వేసే బీరువా, వాడిన ప్రతి మిల్లీలీటరుకు రిజిస్టరు, డాక్టరు సంతకం తప్పనిసరి. తనిఖీలో ముందు అడిగేది అదే. మత్తులో ఉన్న కుక్క తన ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఆపరేషన్ చేస్తే వేడికి పోతుంది, డిసెంబరులో బండ మీద పడుకోబెడితే చలికి పోతుంది. ఎండాకాలం పదిన్నరకల్లా ఆఖరి కుట్టు పడాలి, చలికాలం కింద గోనెసంచి, కాగితాలు పరచాలి. స్పృహ పూర్తిగా వచ్చేదాకా ఒక మనిషి అక్కడే కూర్చోవాలి, నాలుక బయటికి లాగి, తల కాస్త కిందికి ఉంచి.

ఒక్కో కుక్కకు ఒక్కో పరికరాల మూట. ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిముల్ని చంపే పాత్రలో) 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడితో ఇరవై నిమిషాలు. ఒకే సెట్టును స్పిరిట్‌లో ముంచి వరుసగా వాడే అలవాటు చాలాచోట్ల ఉంది, మూడో రోజు పొట్టలో చీము అక్కడి నుంచే వస్తుంది. ఐదు ఆపరేషన్లకు ఏడు మూటలు ఉంచుకోండి, రెండు అదనం. చర్మానికి లోపలి వైపు నుంచి కరిగే దారంతో కుట్టాలి. వీధికుక్కను కుట్లు తీయడానికి మళ్ళీ పట్టలేం.

కుట్టు విడిపోవడానికి తడి నేల పెద్ద కారణం. గది నేలకు అడుగుకు పావు అంగుళం వాలు, వెనక కాలువ ఉండాలి. ఫినాయిల్‌తో కడిగి ఊరుకుంటే పార్వో చావదు. 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) ఒక పాలుకు ముప్పై పాళ్ళ నీళ్ళు కలిపి, ముందు మలం పూర్తిగా కడిగాక, పది నిమిషాలు నేల తడిగా ఉండేలా పోయాలి. మలం మీద పోస్తే మందు పనిచేయదు. కొత్తగా వచ్చిన పిల్లల్ని పద్నాలుగు రోజులు వేరే గదిలో, వేరే మనిషి చూసుకోవాలి.

తీసిన అవయవాలను తేదీ వేసి ఫార్మలిన్‌లో దాచండి. పర్యవేక్షణ కమిటీ వాటిని లెక్క చూశాకే ఆపరేషన్లకు మున్సిపాలిటీ ఇచ్చే బిల్లు కదులుతుంది. చెవికి వీ ఆకారంలో గాటు మత్తులో ఉండగానే పెట్టాలి, రక్తం ఆగిందో లేదో చూసి పంపాలి.

మేత సంగతిలో మిల్లు మీకు కలిసొస్తుంది. పదిహేను కిలోల కుక్కకు రోజుకు 200 గ్రాముల నూకలు, 150 గ్రాముల కోడి కాళ్ళు, లివరు, ప్రెషర్ కుక్కర్‌లో ఎముక మెత్తబడేదాకా. వట్టి అన్నం పెడితే గాయం మానదు. ఉల్లిగడ్డ వేయకూడదు.

మూసీ ఒడ్డు:

ధన్యవాదాలు. ప్లాను మార్చుకుంటాను. ఆవుల సంగతి ఏమంటారు? మిల్లు నుంచి తవుడు, నూకలు ఉచితంగా వస్తాయి కాబట్టి యాభై ఆవుల దాకా పెంచగలనని అనుకుంటున్నాను.

గడ్డివాము:

అన్నా, నూకలు చేతికందుతున్నయని ఆవులకు పెట్టుడే పెద్ద ప్రమాదం. వీధిల కాగితాలు తిని బక్కచిక్కిన ఆవుకు ఒక్కసారి నాలుగు కిలోల నూకలో, పెండ్లిల మిగిలిన అన్నమో దొరికితే కడుపుల పులిసి ఆమ్లం పెరుగుతది, ఒకటి రెండు రోజుల్ల పడిపోతది. గోశాలల్ల దినం చేసేటోళ్ళు, మొక్కున్నోళ్ళు బెల్లం, బియ్యం తెచ్చి సొంతంగ తినిపిస్తరు. గేటు దగ్గరనే తీసుకొని లోపల తూకమేసి పెట్టే నియమం మొదటి రోజు నుంచి ఉండాలె. దాణా కిలోతో మొదలుపెట్టి పది పదిహేను రోజులల్ల మెల్లగ పెంచాలె.

యాభై వద్దు, ఇరవైతో ఆపండి. 400 కిలోల ఆవుకు రోజుకు ఆరు కిలోల వరిగడ్డి, పదిహేను కిలోల పచ్చిగడ్డి, 50 గ్రాముల ఖనిజ లవణాలు, 30 గ్రాముల ఉప్పు. ఇరవై ఆవులకు ఏడాదికి దాదాపు 44 టన్నుల వరిగడ్డి. మిర్యాలగూడ, హాలియా ఆయకట్టుల కోతల టైముల కట్టలు కొని గడ్డివాము వేసుకోవాలె, ఎండాకాలం చివర్ల కొంటే ధర మండిపోతది. పచ్చిగడ్డి 110 టన్నులు కావాలె. నీళ్ళు బాగుంటే ఎకరం సూపర్ నేపియర్ గడ్డి సరిపోతది, ఎకరంన్నర వేస్తే ధైర్యం. కొట్టానికి ఆవుకు 40 చదరపు అడుగుల కప్పు, 80 చదరపు అడుగుల ఖాళీ జాగ.

వరిగడ్డిల పోషకం తక్కువ. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళల్ల పూర్తిగ కరిగించి, పొరపొరకు చల్లి తొక్కి, గాలి పోకుండ టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలె. తీసినంక ఆ పూట పెట్టేదాన్ని ఒక గంట ఆరబెట్టాలె. గడ్డలు కరగకుండ పోసినా, యూరియా నీళ్ళ బకెట్టు ఆవుకు అందేటట్టు పెట్టినా ప్రాణం పోతది. ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టొద్దు. లేత జొన్న కూడ అంతే: పూతకు రాకముందు, అందుల వానలేక వాడిపోయి గిడసబారిన జొన్నల విషం ఎక్కువ. అది తింటే పశువుల ప్రాణం పోతది.

ఇగ అన్నిటికన్న ముందు చూడాల్సింది మీ బోరు. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ సంగతి జిల్లాల పుట్టినోళ్ళకు చెప్పేదేముంది. మనుషులకు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు గరిష్ట పరిమితి, పశువులకు రెండు దాటొద్దని చెప్తరు. దాటిన నీళ్ళు ఏండ్లకేండ్లు తాగితే పండ్లు గోధుమరంగు పట్టి అరుగుతయి, కాళ్ళ ఎముకల మీద గడ్డలు లేస్తయి, ఆవు లేవలేక పడిపోతది. వయసు మీద పడ్డదని అందరు అనుకుంటరు. పటిక, సున్నం కలిపే నల్గొండ పద్ధతి ఇంటి నీళ్ళకు పనికొస్తది కాని, ఇరవై ఆవులకు రోజుకు వెయ్యి లీటర్లు అట్ల వడపోసుడు మోయలేని పని. వాన నీళ్ళు కలపండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే 65 వేల లీటర్లు, పోయింది పోను 50 వేలు నిల్వ చేయొచ్చు. బోరు నీళ్ళల్ల నాలుగు మిల్లీగ్రాములుంటే సగం వాన నీళ్ళు కలిపితే రెండుకు దిగుతది, అంటే మీ 50 వేలు నూరు రోజులొస్తయి. ఏడాదంత కావాలంటే కప్పు మూడు నాలుగింతలు కావాలె, లేదా చేన్ల ఫాం పాండ్ తవ్వాలె. నీళ్ళు ఎండాకాలం, వానలు పోయినంక రెండుసార్లు పరీక్ష చేయించండి, అంకె మారుతది. బోరుల నాలుగైదు దాటితే గోశాల ఆ భూమిల వద్దు.

వచ్చిన ఆవును 21 రోజులు వేరుగ కట్టాలె. బ్రూసెల్లా (గర్భం పోయే అంటురోగం) పరీక్ష, గాలికుంటు టీకా, వానలకు ముందు గొంతువాపు టీకా. ఎడమ డొక్క మళ్ళ మళ్ళ ఉబ్బుతుంటే, తింటున్నా చిక్కిపోతుంటే కడుపుల ప్లాస్టిక్ ఉన్నట్టు. ఆపరేషన్ చేసి తీయొచ్చు, కాని నీరసంగున్న ముసలిదాన్ని ముందు పది పదిహేను రోజులు తేర్చి అప్పుడు చేయించాలె. కోడెలకు వచ్చిన నెలల్నే విత్తులు నొక్కించాలె. చాన గోశాలలు ఇది మరిచిపోయి ఇరవైని మూడేండ్లల్ల నలభై చేసుకుంటయి. పడిపోయిన ఆవుకు ఎనిమిది అంగుళాల ఇసుక పరుపు, నాలుగు గంటలకోసారి పక్క మార్చాలె. అత్యవసరానికి 1962 కొడితే పశువైద్య బండి వస్తది.

లెక్కల పుస్తకం:

సంస్థ రూపం గురించి. మీరొక్కరే నిర్ణయాలు తీసుకోవాలనుకుంటే ట్రస్టు తేలిక. సొసైటీకి ఏడుగురు సభ్యులు కావాలి, నాలుగేళ్ళకు సభ్యుల మధ్య తగాదా వస్తే జంతువులు మధ్యలో పడతాయి. పెద్ద కంపెనీల నుంచి నిధులు అడగాలనుకుంటే సెక్షన్ 8 కంపెనీ (లాభం పంచుకోని సేవా కంపెనీ) నయం, ఏటా లెక్కలు దాఖలు చేసే క్రమశిక్షణ వ్యాపారం చేసినవారికి కొత్త కాదు.

60 లక్షలు సంస్థ ఖాతాలో వేసేటప్పుడు "ఇది మూలనిధి" (అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడే నిధి) అని రాతపూర్వకంగా లేఖ ఇవ్వండి. లేఖ లేకపోతే అది ఆ ఏడాది ఆదాయం కింద చూస్తారు, 85 శాతం ఖర్చు చూపించాల్సి వస్తుంది. కానీ మొత్తం మూలనిధి చేయకండి. ముప్పై ముప్పై లక్షలు చేస్తే, మొదటి ముప్పై లక్షలు గదులకు, పరికరాలకు, ఆరు నెలల జీతాలకు పోతాయి. మూలనిధిగా ఉంచిన రెండో ముప్పై లక్షల మీద 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 2 లక్షల 10 వేలు, నెలకు 17,500. పూర్తికాల పశువైద్యుడి జీతానికి కూడా చాలదు. మున్సిపాలిటీ బిల్లులు నెలల తరబడి ఆలస్యమవుతాయి, కాబట్టి కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా లేకుండా ఒప్పందం చేసుకోవద్దు. గోశాలకు అట్లా మున్సిపాలిటీ నుంచి బిల్లు వచ్చే దారి కూడా లేదు, అందుకే రెండూ ఒకేసారి వద్దని నా మాట.

పన్ను మినహాయింపు కోసం 12ఏ (సంస్థ ఆదాయానికి), 80జీ (దాతలకు) అని పిలిచే రిజిస్ట్రేషన్లు మొదట తాత్కాలికంగా వస్తాయి, గడువు ముగిసేలోపు పక్కా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. ఆ తేదీ తప్పిపోయి మినహాయింపు పోగొట్టుకున్న సంస్థలు చాలా. రెండు వేలకు మించిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదని రసీదు పుస్తకం మీదే అచ్చు వేయించండి. సీఎస్ఆర్-1 నమోదు (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవడానికి చేసేది) ఉంటేనే పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల వంటివాటి తలుపు తట్టగలరు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో జంతు సంక్షేమం పేరు పెట్టి ఉంది, దరఖాస్తులో ఆ మాటే వాడండి.

భూమి మీ పేరిటే ఉంచి సంస్థకు దీర్ఘకాల లీజు రిజిస్టర్ చేయించండి, అద్దె నామమాత్రంగా. మిల్లు నుంచి నూకలు తెచ్చినా బిల్లు ఉండాలి, బజారు ధర కంటే ఎక్కువ ఉండకూడదు. వ్యవస్థాపకుడికో బంధువులకో లాభం చేరినట్టు కనిపిస్తే పన్ను మినహాయింపే పోతుంది.

హైవే మీద పోలీసులు పట్టుకున్న పశువులను మీ దగ్గరికి తెస్తారు. అవి కేసు ఆస్తి, అట్లాంటి జంతువుల సంరక్షణకు 2017లో వచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. కోర్టు ఆదేశం లేకుండా వాటిని రైతులకు ఇవ్వకూడదు. తీసుకునే రోజే చెవి పోగు నంబరు, రెండు పక్కల ఫోటోలు, డాక్టరు ధ్రువపత్రం, ఆ తర్వాత రోజువారీ మేత ఖర్చు పట్టిక. ఆ పట్టిక ఉంటేనే నిందితుల నుంచి ఖర్చు ఇప్పించమని మేజిస్ట్రేటును అడగగలరు. చచ్చిపోయినవాటికి పోస్ట్‌మార్టం కాగితం తప్పనిసరి, లేకపోతే అమ్ముకున్నారన్న నింద మీ మీద పడుతుంది.

మూసీ ఒడ్డు:

బోరు నీళ్ళ పరీక్ష ముందు చేయిస్తాను. వల పట్టే మనుషులకు రేబిస్ టీకా ఎప్పుడు, ఎన్ని?

పశువైద్యం, మహబూబ్‌నగర్:

కుక్కను ముట్టుకోక ముందే. సున్నా, 7, 21 లేదా 28వ రోజు, మూడు డోసులు. డ్రైవరు, వంటమనిషి, గదులు కడిగేవారు అందరికీ. మూడో డోసు అయ్యేదాకా ఎవరినీ వల పట్టనివ్వకండి, అంటే మనుషుల్ని తీసుకోవడానికీ మొదటి కుక్కను పట్టడానికీ మధ్య నెల రోజులు పెట్టుకోండి. ఆ తర్వాత కరిచినా, గాయం మీద చొంగ పడినా సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, సున్నా, 3వ రోజు రెండు డోసులు వేయించాలి. అట్లా ముందే వేయించుకున్నవారికి రేబిస్ సీరం (గాయం చుట్టూ ఇచ్చే యాంటీబాడీల ఇంజక్షన్) అవసరం ఉండదు. టీకా కార్డుల నకళ్ళు డీసీఎం డ్యాష్‌బోర్డులో ఒక కవరులో ఉంచండి, రాత్రిపూట ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగేది వాటినే. కుక్కల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి, కరెంటు పోయే రోజుల కోసం ఐస్ ప్యాకులతో ఒక పెట్టె సిద్ధంగా ఉంచి, పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత రాయించండి.